బ్యాక్టీరియాతో డై రంగు పోయింది, గాలి తగిలితే మళ్ళీ వస్తోంది. ఎందుకు?

ప్రశ్న:
ఎంఎస్సీ ప్రాజెక్ట్ కి రియాక్టివ్ బ్లాక్ 5 (బట్టలకి వేసే నల్ల డై) మీద చేస్తున్నా. మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియా వేసి ఫ్లాస్క్ ని కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి నలుపంతా పోయి లేత పసుపు నీళ్ళలా అయిపోతోంది, అదే షేకర్ లో పెడితే ఎన్నాళ్ళున్నా అలాగే ఉంటోంది. ఇంకో తలనొప్పి, తేటపడిన ఫ్లాస్క్ కి దూది తీసి బెంచ్ మీద పెడితే పైనుంచి కిందకి మెల్లగా మళ్ళీ రంగు దిగుతోంది. డీగ్రేడ్ అయిందని రాసుకోవచ్చా?

జవాబు 1:
అప్పుడే రాసేయకండి. ఈ డైలో రెండు ఎజో బాండ్లున్నాయి (రెండు నైట్రోజన్ల మధ్య డబుల్ బాండ్), రంగు వాటి వల్లే. బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లిచ్చి వాటిని తెంపుతుంది, ఒక్కో బాండ్ కి నాలుగు కావాలి, షేకర్ లో ఆక్సిజన్ ఉంటే వాటిని ముందు అదే లాగేసుకుంటుంది, ఇక డై దాకా ఏం మిగుల్తుంది? తెగాక వచ్చే ముక్కలు, అంటే ఆరోమాటిక్ ఎమీన్లు (బెంజీన్ లాంటి రింగుకి NH2 గ్రూపున్నవి), ఎక్కడికీ పోవు, ఫ్లాస్క్ లోనే ఉంటాయి, వాటిలో నాఫ్తలీన్ ముక్క గాలి తగిలితే దానంతటదే ఆక్సిడైజ్ అయి రంగు తేలుతుంది. మీకు కనిపిస్తున్నది అదే అయ్యుంటుంది. కొన్ని ఎమీన్లు అసలు డై కన్నా విషం, అందుకే కదపకుండా ఉంచే స్టాటిక్ స్టేజ్ తర్వాత గాలి ఎక్కించే రెండో స్టేజ్ పెడతారు. సల్ఫోనేట్ గ్రూపులున్నవి అక్కడ కూడా ఓ పట్టాన లొంగవు.

జవాబు 2:
ముందు సెల్స్ రంగు పీల్చేసుకున్నాయేమో చూశారా? సెంట్రిఫ్యూజ్ చేసి పెల్లెట్ (అడుగున చేరిన సెల్స్ ముద్ద) చూడండి, నల్లగా ఉంటే అడ్సార్ప్షన్ జరిగినట్టే. ఆటోక్లేవ్ చేసిన చచ్చిన సెల్స్ తో కంట్రోల్ తప్పనిసరి. స్పెక్ట్రోఫోటోమీటర్ లో ఈ డై కాంతిని ఎక్కువగా పీల్చే 597 నానోమీటర్ల దగ్గర ఒక్క రీడింగ్ తీసి పర్సెంటేజ్ వేసేస్తే ఎవరూ ఒప్పుకోరు (నేనైతే అస్సలు ఒప్పుకోను), 200 నుంచి 800 దాకా స్కాన్ చేయండి, పీకులన్నీ ఒకే లెక్కన తగ్గితే పీల్చుకున్నట్టు, యూవీ వైపు కొత్తది లేస్తే తెగినట్టు.

జవాబు 3:
ట్రమీటిస్ వెర్సికలర్ లాంటి వైట్ రాట్ ఫంగస్ (చెక్కని కుళ్ళబెట్టేది) కూడా ట్రై చేయొచ్చు, దాని లాకేస్ ఎంజైమ్ డైని రెడ్యూస్ చేయదు, ఆక్సిడైజ్ చేస్తుంది. కాకపోతే పీహెచ్ 4, 5 మధ్య ఉంటేనే బాగా పనిచేస్తుంది, స్టెరైల్ కాని అసలు మురుగునీళ్ళలో బ్యాక్టీరియా దాన్ని బతకనివ్వదు. పైగా రియాక్టివ్ డైయింగ్ నీళ్ళలో ఉప్పు విపరీతం, ల్యాబ్ మీడియంలో మీకది కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
పెల్లెట్ తెల్లగానే ఉంది, 597 పీక్ పోయి యూవీలో కొత్తది లేచింది. అంటే తెగింది గానీ ఎమీన్లు ఉన్నాయన్నమాట. రంగు పోయాక అదే ఫ్లాస్క్ ని షేకర్ కి మార్చి సీఓడీ (నీళ్ళలో మిగిలిన ఆర్గానిక్ పదార్థాన్ని ఆక్సిడైజ్ చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) చూస్తా.

జవాబు 2:
చూడండి, కానీ మీడియంలో బ్యాక్టీరియా తిండికి వేసిన యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ సీఓడీ కూడా అందులో కలుస్తుంది, డై లేని బ్లాంక్ ఒకటి పక్కన నడపండి.