డ్యూయల్ బూట్ డెస్క్‌టాప్‌కి ఎన్‌వీఎంఈ తీస్కోవాల్నా, సాటా ఎస్సెస్డీ సరిపోతదా?

హన్మకొండ డీటీపీ:
అందరికి నమస్తే. నాది హన్మకొండల చిన్న డీటీపీ షాపు, పెళ్లి కార్డులు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, అప్పుడప్పుడు కరపత్రాలు. సిస్టం రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, పాత గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పటికీ విండోస్ 10 మీదనే నడిపిస్తున్న, దానికి 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ అయిపోయె కదా, ఇగ 11కి పోక తప్పదు, హార్డ్ డిస్క్ మీద 11 ఏస్తే పొద్దున స్విచ్ ఏసి చాయ్ తాగొచ్చినా ఇంక తిరుగుతనే ఉంటదని దోస్తులు భయపెట్టిన్రు. అందుకే ఎస్సెస్డీ, అంటే తిరిగే పలకలు లేని చిప్పుల డిస్క్. దాంట్ల పాత దారిల నడిచేది సాటా, కొత్త స్పీడు దారిల నడిచేది ఎన్‌వీఎంఈ.

ఇంకోటేందంటే మా తమ్ముడు బీటెక్ సెకండియర్, రాత్రి షాపు కట్టేసినంక అదే సిస్టం మీద వాడు కూసుంటడు, వాడికి ఉబుంటు అనే లినక్స్ కావాల్నట, ఒక్క సిస్టం మీద రెండూ, అదే డ్యూయల్ బూట్. నాకేమో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న విండోస్ కదలొద్దు. వాడి ప్రయోగాలల్ల నా విండోస్ కొట్టుకపోతే పెళ్లోళ్లు నన్ను బతకనియ్యరు. షాపాయన "1 టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈ తీస్కో, రెండూ దాంట్లనే ఏసిస్త" అంటున్నడు. తీస్కోవచ్చా?

పాత మదర్‌బోర్డు:
జెన్ 4 మాట వదిలేయండి. మీ బోర్డులో ఎన్‌వీఎంఈ పెట్టే ఎం.2 స్లాట్ పీసీఐఈ 3.0, అంటే జెన్ 3, జెన్ 4 డ్రైవ్ పెట్టినా పనిచేస్తుంది గానీ సెకనుకి 3500 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది, 7000 అని డబ్బా మీద రాసినదానికి మీరు ఊరికే డబ్బులిచ్చినట్టు. సాటా అయితే 550 దగ్గర ఆగుతుంది. అమ్మో ఆరు రెట్లు తేడా అనుకోకండి, ఆ లెక్క పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ కొట్టేటప్పుడే, పేజ్‌మేకర్ తెరవడానికీ ఫాంట్లు లోడవడానికీ కావాల్సింది చిన్న చిన్న ఫైళ్లు చకచకా చదవడం, అందులో హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్సెస్డీకి మారినా మీకు ప్రాణం లేచొస్తుంది, సాటాకీ ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా మాత్రం స్టాప్‌వాచ్ పెట్టుకుంటేనే తెలుస్తుంది.

మీ అసలు భయం స్పీడ్ కాదు కదా, తమ్ముడు. నేనైతే ఒక్క 1 టీబీ బదులు రెండు చిన్నవి కొంటా. విండోస్‌కి 500 జీబీ జెన్ 3 ఎన్‌వీఎంఈ, ఉబుంటుకి 250 జీబీ సాటా. ఎన్‌వీఎంఈలో డీర్యామ్ (డ్రైవ్ సొంత చిన్న మెమరీ) లేని చవక రకమైనా నష్టం లేదు, సిస్టం ర్యామ్‌లోంచి కాస్త వాడుకుని నెట్టుకొస్తుంది. సాటా వాటికి ఆ సదుపాయం లేదు, డీర్యామ్ లేనిదైతే చిన్న ఫైళ్లు ఎడాపెడా రాసేటప్పుడు నీరసపడుతుంది, తమ్ముడి చదువుకి అది చాల్లెండి. విండోస్ డ్రైవ్ మాత్రం టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్లు దాచే చిప్పు) చూసుకోండి, క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచేది) వద్దు.

ఒకే డిస్కు చాలు:
రెండెందుకు బ్రో అనవసరంగా, నేను ఐదేళ్లనుంచి ఒకే ఎన్‌వీఎంఈలో రెండూ పెట్టుకుని వాడుతున్నా ఏం కాలేదు. ముందు విండోస్ వేసి, దాంట్లోంచే ఒక 100 జీబీ ష్రింక్ చేసి ఆ ఖాళీలో ఉబుంటు. ఇంకా మాట్లాడితే సెకండియర్ ప్రోగ్రాములకి విండోస్ లోపలే డబ్ల్యూఎస్ఎల్ వేసుకుంటే ఉబుంటు టెర్మినల్ వచ్చేస్తుంది, పార్టిషన్ గొడవే ఉండదు.

పాత మదర్‌బోర్డు:
డబ్ల్యూఎస్ఎల్ మాట నిజమే, కానీ అప్పుడు తమ్ముడు కూర్చునేది అన్న విండోస్‌లోనే కదా, అదే వద్దంటున్నారాయన. ఒకే డిస్కు తప్పని నేననను, తెలిసినవాళ్లకి బానే ఉంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ గుర్తుందా, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న చాలామందికి లినక్స్ "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని ఆగిపోయింది. దానికి రెండు డిస్కులున్నా తప్పించుకోలేం, అది బోర్డులోనే రాసుకుంటుంది. కానీ పార్టిషన్ పొరపాటున చెరిపేయడం, బూట్‌లోడర్ (సిస్టాన్ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) మీద బూట్‌లోడర్ ఎక్కడం, ఇవి మాత్రం డిస్కు వేరైతే ఉండవు.

అయితే రెండు డిస్కులు కొని కూడా ఒక తప్పు చేస్తారు, రెండూ తగిలించేసి ఉబుంటు వేస్తారు, అది తన బూట్ ఫైళ్లు తీసుకెళ్లి విండోస్ డిస్కులో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేస్తుంది. ఇక వేరుగా ఉండి ఏం లాభం? మీ ఎం.2 స్లాట్ గ్రాఫిక్స్ కార్డు కింద ఉండి ఉంటుంది, ప్రతిసారీ కార్డు పీకలేరు, కాబట్టి తిరగేసి చేయండి: ముందు సాటా ఒక్కటే పెట్టి ఉబుంటు వేయండి, తర్వాత ఆ సాటా కేబుల్ ఊడదీసి ఎన్‌వీఎంఈ బిగించి విండోస్ వేయండి, అప్పుడు కేబుల్ మళ్లీ పెట్టండి. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ, కొన్ని బోర్డుల్లో ఎఫ్11, కొన్నిట్లో ఎఫ్12, కొడితే ఏది కావాలో ఎంచుకోవచ్చు. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) మొదటి నంబర్ విండోస్‌కివ్వండి, మీరు పొద్దున ఏమీ నొక్కక్కర్లేదు. అదే బయాస్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే సెక్యూరిటీ సదుపాయం) ఆన్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే 11 మొండికేస్తుంది.

సీటీసీ కస్టమర్:
సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపులో నాకైన అనుభవం చెప్తా, ఎం.2 అని అడిగా, ఎం.2 ఇచ్చాడు, ఇంటికొచ్చి పెడితే బయాస్‌లో జాడే లేదు. చూస్తే అది ఎం.2 ఆకారంలో ఉన్న సాటా, నా స్లాట్ ఎన్‌వీఎంఈకి మాత్రమే. ఆకారం వేరు రకం వేరు అని అప్పటిదాకా నాకు తెలీదు, సీలు తీశాం కదా వాపస్ తీసుకోలే. కనెక్టర్ దగ్గర చూడండి, చాలావరకు ఒక గాటు ఉంటే ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే సాటా, అయినా డబ్బా మీద ఎన్‌వీఎంఈ అని అక్షరాలా చదివాకే సీలు తీయండి.

ఇంకా రెండు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేదంటే షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది, మీ పాత హార్డ్ డిస్కుని ఉబుంటులోంచి రాయనివ్వదు. రెండోది టైము, ఉబుంటులోంచి విండోస్‌కి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది, అయ్యో బోర్డు బ్యాటరీ పోయింది అనుకుని మార్చేశా నేను! ఉబుంటులో హార్డ్‌వేర్ క్లాక్ లోకల్ టైముకి మారిస్తే సరి.

హన్మకొండ డీటీపీ:
అన్నలందరికి చాలా థాంక్స్. రెండు డిస్కులే ఫిక్స్. ఇయ్యాల పక్క డోర్ తీసి చూసిన, దుమ్ము దులిపేసరికే అరగంట పట్టింది, స్లాట్ అన్న చెప్పినట్టే గ్రాఫిక్స్ కార్డు కిందనే ఉన్నది. కాని దాన్ని బిగించే చిన్న మొల లేదు, బోర్డు డబ్బా ఎప్పుడో పాత సామానోనికి పోయింది. డ్రైవ్‌తోని వస్తదా?

పాత మదర్‌బోర్డు:
కొన్నిటికి ఇస్తారు, ఎక్కువ వాటికి ఇవ్వరు. అది బోర్డుతోనే వచ్చేది. లాప్‌టాప్ రిపేర్ షాపులో అడగండి, ఎం.2కి వేసే స్క్రూ అంటే వాళ్లకి తెలుసు. కింద ఇత్తడి స్టాండాఫ్ (స్క్రూ దిగే పొట్టి కాలు) ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకుండా స్క్రూ బిగిస్తే డ్రైవ్ వంగిపోతుంది.

హన్మకొండ డీటీపీ:
స్టాండాఫ్ ఉన్నది, మొల ఎదురుంగ లాప్‌టాప్ షాపుల ఊరికెనే ఇచ్చిండు. ఆదివారం షాపు బంద్ పెట్టి ఏస్త. తమ్ముడు ఆగలేక అప్పుడే పెన్‌డ్రైవ్‌ల ఉబుంటు ఎక్కిచ్చి పెట్టుకున్నడు. ఆ పెన్‌డ్రైవ్‌లనే ప్రింటింగ్ ప్రెస్‌కి ఇయ్యాల్సిన రెండు లగ్గం పత్రికల ఫైళ్లు ఉండె. హార్డ్ డిస్క్‌ల ఇంకో కాపీ ఉన్నది కాబట్టి వాడు బతికిండు.