బేస్ ఆంప్‌లో సౌండ్ మధ్యలో పడిపోతోంది

అమలాపురం బేస్: చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను. వానలు మొదలైనప్పటి నుంచి నాలుగైదు పాటలయ్యాక సౌండ్ ఒక్కసారిగా సన్నబడిపోతోంది, గట్టిగా ఒక నోట్ కొడితే మళ్లీ వస్తోంది, పైగా వెనకాల గుయ్యిమని ఒకటే హమ్. గిటార్ మార్చాను, కేబుల్ మార్చాను, తేడా లేదు. ఆదివారం ఎలాగా అని టెన్షన్‌గా ఉంది.

భీమవరం నుంచి: తమ్ముడూ, ఆంప్ వెనక ఎఫెక్ట్స్ సెండ్, రిటర్న్ జాక్‌లు (బయటి ఎఫెక్ట్ పెడల్స్‌కి సౌండ్ పంపి, మళ్లీ తెచ్చుకునేవి) ఉంటే చిన్న కేబుల్‌తో ఆ రెండింటినీ కలిపి చూడు. సౌండ్ నిలబడిందంటే తప్పు రిటర్న్ జాక్ లోపలి స్విచ్‌దే, ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ దాని గుండానే వెళ్తుంది, మన డెల్టా తేమకి ఆ కాంటాక్ట్‌కి చిలుము పట్టేస్తుంది. నాదీ ఇలాగే అయింది. ఆంప్ ఆపేసి, కాంటాక్ట్ క్లీనర్ (చిలుము వదిలించే స్ప్రే) కొట్టి ప్లగ్ పదిసార్లు పెట్టి తీయి.

పాలకొల్లు సౌండ్: హమ్ సంగతి వేరండి. ఆంప్ ఒక సాకెట్‌లో, మిక్సర్ ఇంకో సాకెట్‌లో ఉంటే ఎర్త్ లూప్ (రెండింటి ఎర్త్ వైర్లూ, మధ్య కేబులూ కలిసి ఒక చుట్టులా మారడం) వల్ల కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గోల వస్తుంది. రెండూ ఒకే బోర్డుకి పెట్టండి, సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ (ఆ కేబుల్‌లో గ్రౌండ్ కలయికను తెంచే స్విచ్) నొక్కండి. ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు, తడి నేల మీద ప్రాణాలకే ముప్పు.

అమలాపురం బేస్: అన్నా, కేబుల్ కలిపి గంట వాయించాను, ఒక్కసారి కూడా పడిపోలేదు! రేపు క్లీనర్ తెస్తాను.