ఎత్తు ఎక్కేటప్పుడు వెనకబడ్డవాళ్ల కోసం ఆగాలా, వద్దా?

రెండోగేరు:
కిందటి సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో నలుగురం వారం రోజుల సైకిల్ టూర్ వేశాం. మూడో రోజు బెద్వాఁ ఊరి నుంచి మోఁ వాంతూ కొండ ఎక్కాం. 21 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. నేనూ ఇంకొకడూ ముందు వెళ్లిపోయాం. పైన గంటకు పైగా చలికి వణుకుతూ నిలబడ్డాం. మిగతా ఇద్దరూ వచ్చి "కలిసి వచ్చింది ఇందుకేనా" అని మొహాలు మాడ్చుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర కూడా మాటల్లేవు. ఎత్తులో ఎవరి స్పీడు వాళ్లదే కదా, మా తప్పేంటి?

పాతచైను:
తప్పేమీ లేదు. సెంతెస్తెవ్ మలుపు దాటి అడవిలోకి వెళ్లాక వాలు సగటున 9 శాతం. అక్కడ ఒకరి కోసం ఒకరు తగ్గితే ఇద్దరికీ నష్టమే. ముందువాడికి తొక్కుడు లయ తప్పుతుంది. వెనకవాడు మొహమాటానికి పోయి శక్తికి మించి తొక్కి, మధ్యలో చతికిలబడతాడు. చదును రోడ్డు మీదైతే వేరు, ముందువాడి చక్రం వెనక దాక్కుంటే గాలి తగలదు. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో ఆ లాభం ఎక్కడిది?

నిదానమే:
అన్నా, లెక్క బాగానే ఉంది కానీ వాంతూ మీద గాలి మన స్పీడును బట్టి రాదు. దారిలో షాలే రెనార్ అనే రెస్టారెంటు దగ్గర చెట్లు అయిపోతాయి. అక్కడి నుంచి ఆఖరి 6 కిలోమీటర్లూ తెల్లటి సున్నపురాళ్లే, చాటన్నది లేదు. మిస్త్రాల్ (ఉత్తరం నుంచి వీచే అక్కడి ఈదురుగాలి) వీచే రోజున ముందు ఒక్క మనిషి ఉన్నా చాలు అనిపిస్తుంది. శిఖరానికి కాస్త కిందున్న కనుమ పేరే తుఫానుల కనుమ! 1967లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో బ్రిటిష్ సైక్లిస్టు టామ్ సింప్సన్ కుప్పకూలి చనిపోయింది కూడా ఈ బోడి భాగంలోనే. (ఆయన విషయంలో మండుటెండ, డోపింగ్ మందులు కారణం, గాలి కాదు. అయినా అక్కడి స్మారకం పక్క నుంచి ఒంటరిగా తొక్కుతుంటే గుండె గుబేలుమంటుంది.)

నేనెప్పుడూ వెనకొచ్చేదాన్నే. నాకు కోపం వచ్చేది వదిలేసి వెళ్లినందుకు కాదు. ఏదో మలుపులో ఆగి ఉంటారు. నేను రొప్పుతూ చేరగానే "హమ్మయ్య, వచ్చేశావా, పద" అని పెడల్ మీద కాలేస్తారు. వాళ్లు పది నిమిషాలు కూర్చున్నారు, అరటిపండు కూడా తిన్నారు. నాకేమో బాటిల్ మూత తీసే టైం కూడా ఉండదు.

పాతచైను:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. నేనూ చేశాను.

బ్యాటరీబాబు:
ఇంత గోల ఎందుకండీ? వెనకబడేవాళ్లకి ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకి తీసుకోండి. గంటకు 25 కిలోమీటర్ల దాకా మోటారు సాయం చేస్తుంది. నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ ఎక్కొచ్చు.

నిదానమే:
నేను ఎక్కాలనుకున్నది నా కాళ్లతో. స్పీడు గొడవ ముందువాళ్లది, మోటారు నాకా?

పాతచైను:
పోనీ ఈసారి సో ఊరి వైపు నుంచి ఎక్కండి. 26 కిలోమీటర్లు, దూరం ఎక్కువే గానీ షాలే రెనార్ దాకా వాలు చాలా తక్కువ. బెద్వాఁ రోడ్డు వచ్చి కలిసేదీ అక్కడే. "షాలే రెనార్‌లో అందరం ఆగుదాం, ఆఖరుగా వచ్చినవాళ్లు లేద్దామంటేనే లేద్దాం" అని కిందే అనేసుకోవాలి. శిఖరం మీద ఆగడం మాత్రం దండగ. 1,910 మీటర్ల ఎత్తు అది. కింద 25 డిగ్రీలుంటే పైన 15 ఉంటే గొప్ప, దానికి తోడు చెమటతో తడిసిన బనీను.

నిదానమే:
రెండోగేరు గారూ, ఒక్క సందేహం. ఆ ఇద్దరి విండ్‌చీటర్లు ఎవరి దగ్గరున్నాయి?

రెండోగేరు:
ఒకటి నా హ్యాండిల్ బ్యాగులో ఉంది. పొద్దున ఎండ కాస్తోంది, జేబులో పట్టట్లేదని వాడంటే నేనే అడిగి తీసుకున్నా. పైన చలికి ఆగలేక నా దాని మీద అదీ తొడుక్కున్నా. వాడు సైకిల్ దిగి, ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపాడు. జిప్పు తీసి ఇచ్చేశా.

నిదానమే:
ఈ ముక్క మొదటి పోస్టులో రాయలేదేం?