ఇషికావా: ఊరి పేరా, ఇంటిపేరా?

చీమకుర్తి గ్రానైట్:
మా పాలిషింగ్ యూనిట్‌లో ఎగుమతి కాగితాలు చూసేది నేనే. ఈ మధ్య జపాన్ నుంచి ఇషికావా అనే పెద్దాయన వచ్చి పలకలు చూసి వెళ్లారు. ఎంతో మర్యాదస్తులు. తర్వాత మ్యాపులో వెతికితే ఇషికావా పేరుతో ఒక ప్రిఫెక్చరే (అక్కడి రాష్ట్రం లాంటిది) కనిపించింది. ఆయన మాత్రం తమది ఒసాకా వైపు అన్నారు. మన అద్దంకి వారిలా, వాళ్ల పెద్దలు అక్కడి నుంచి వలస వచ్చి ఉంటారా? ఆయనకు రాసే ఉత్తరంలో ఈ మాట ప్రస్తావించాలని ఉంది.

అద్దంకి ఆడపడుచు:
అన్నగారూ, అలా రాయకండి. నేను ఆ ప్రిఫెక్చర్ ముఖ్యపట్టణం కనజావాలో ఉద్యోగం చేశాను, ఆ పేరంటే నాకు ప్రాణం. ఇషి అంటే రాయి, కావా అంటే నది. అక్కడి తెదోరి నదిని రాళ్ల వల్ల ఒకప్పుడు ఇషికావా అనేవారు. ఆ పేరే చుట్టుపక్కల తాలూకాకు వచ్చింది. 1872లో పరిపాలనా కార్యాలయం ఆ తాలూకాలోని మికావా రేవుకు మారడంతో ప్రిఫెక్చర్ మొత్తానికీ అదే పేరు పెట్టారు.

ఇంటిపేరు అంతకంటే చాలా పాతది. ఒసాకా ప్రాంతంలో వేరే ఇషికావా నది ఉంది, యమాతో నదిలో కలుస్తుంది. ప్రాచీన సోగా వంశంలో ఒక శాఖ ఆ పేరు పెట్టుకుంది. ఫుకుషిమాలో ఇషికావా అనే ఊరుంది. ఒకినావాలోనూ ఉంది. మన గుండ్లకమ్మలో గుండ్లు వినిపించినట్టు, రాళ్లున్న ఏటి ఒడ్డున ఆ పేరు ఎక్కడైనా పుడుతుంది. పైగా సామాన్యులకు ఇంటిపేరు పెట్టుకునే అనుమతి 1870లో వచ్చింది, 1875లో అది తప్పనిసరి అయింది. అప్పుడు చాలామంది పక్కనున్న పొలం, కొండ, ఏరు చూసి పేరు పెట్టుకున్నారు. కాబట్టి ఇద్దరు ఇషికావాలు కనిపిస్తే చుట్టాలు అనుకోవడానికి లేదు. మీ యూనిట్‌లో నాణ్యత లోపాలకు కారణాలు వెతికే చేపముల్లు పటం గీస్తారేమో, దాన్ని రూపొందించిన కావొరు ఇషికావా పుట్టింది టోక్యోలో.

కందుకూరు మాస్టారు:
చక్కగా చెప్పావమ్మా. మనకు కందుకూరు ఇంటిపేరు అయ్యేసరికి కందుకూరి అవుతుంది, ఆ చివరి అచ్చే ఆనవాలు. వాళ్లకు ఆ మార్పు లేదు కదా. అయినా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాస్తారు. నాకు అది ఎంతో నచ్చుతుంది. మరి ఇంటిపేరు నుంచి ఊరికి పేరు రావడం ఉందా అక్కడ?

అద్దంకి ఆడపడుచు:
ఉంది మాస్టారూ! టోక్యోలో సుమిదా నది ముఖం దగ్గర ఒక దీవిని షోగన్, అంటే అప్పటి సైనిక పాలకుడు, ఇషికావా అనే కుటుంబానికి ఇచ్చాడు. దానికి ఇషికావాజిమా అనే పేరు నిలిచింది. 1853లో అక్కడ ఓడల నిర్మాణశాల పెట్టారు, నేటి ఐహెచ్ఐ అనే భారీ యంత్రాల కంపెనీకి మూలం అదే.

అన్నగారూ, ఉత్తరంలో ‘మీ ఇంటిపేరు ఏ నది నుంచి వచ్చింది?’ అని అడగండి, సంతోషిస్తారు. సంబోధన ‘ఇషికావా సామా’ అని ఉండాలి, సామా అంటే మన ‘గారు’ లాంటిది. మీ పేరు పక్కన మాత్రం సామా చేర్చకండి, అది ఎదుటివారికే.

చీమకుర్తి గ్రానైట్:
అలాగే రాస్తానమ్మా. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.