వైరు ఇయర్‌ఫోన్స్‌కి ఊడదీసి పెట్టుకునే కనెక్టర్ ఇంట్లోనే వేసుకోవచ్చా?

మారతహళ్ళి_పీజీ:
అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగేళ్ళ కిందట కొన్న వైరు ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. వాటి సౌండ్ నాకు ప్రాణం, బ్లూటూత్‌వి రెండు మూడు వాడి చూశాను గానీ మనసు మళ్ళీ వీటి మీదకే పోతుంది. చిక్కంతా వైరుతోనే. రోజూ ఎలక్ట్రానిక్ సిటీకి బస్సులో వెళ్ళేటప్పుడు బ్యాగు జిప్పుకో సీటు కడ్డీకో తగులుకుని లాగేస్తుంది. మొదటిసారి జాక్ దగ్గర తెగితే రిపేర్ చేయించాను, ఇప్పుడు ఎడమ చెవి దగ్గర పోయింది, వైరు కాస్త మెలిపెట్టి పట్టుకుంటే పాట వస్తుంది, వదిలేస్తే ఆగిపోతుంది. షాపాయన పారేసి కొత్తవి కొనుక్కోమన్నాడు, నాకు చేతులు రావట్లేదు. ఖరీదైన వాటికి ఉన్నట్టు ఊడదీసే కనెక్టర్, అంటే గుండ్రటి ఎంఎంసీఎక్స్ గానీ రెండు సన్నని పిన్నులుండే టూ పిన్ గానీ పెట్టుకుంటే ఇకమీద తెగినా వైరొక్కటే మార్చుకోవచ్చు కదా? సోల్డరింగ్ కాలేజీ ల్యాబ్‌లో చేసిన అనుభవమే. బాడీ తెరిచి లోపల సాకెట్ పెట్టాలా?

టంకం_బాబాయ్:
పెట్టుకోవచ్చు తమ్ముడూ, కానీ బాడీ మాత్రం తెరవద్దు. లోపలుండే కాయిల్ తీగ వెంట్రుక కన్నా సన్నం, డ్రైవర్ (లోపలి బుల్లి స్పీకర్) దగ్గర సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆగితే అక్కడి ప్లాస్టిక్ మెత్తబడి ఆ తీగ పుటుక్కుమంటుంది. లోహపు బాడీకి డ్రిల్ వేస్తే ఆ పొడి అయస్కాంతానికి పట్టుకుంటే ఇక చచ్చినా వదలదు. మళ్ళీ మూసేటప్పుడు జిగురు గాలి రంధ్రంలోకి దిగితే బేస్ మారిపోతుంది, నువ్వు ప్రాణం అంటున్న సౌండే పోతుంది. అందుకని చెవి దగ్గర పాడైన ముక్క పోయేలా దానికి బాడీ వైపున కోసేసి, బాడీ నుంచి నాలుగైదు సెంటీమీటర్ల తోక వదిలి, ఆ తోక చివర సాకెట్ పెట్టు. పాడైన చోటు మరీ బాడీకి ఆనుకునో లోపలో ఉంటే తప్ప ఇది చాలు.

అసలు పని టంకం దగ్గరే. ఈ వైర్లలో ప్రతి పోగుకీ రంగు పూత ఉంటుంది, పైకి రాగిలా కనపడ్డా టంకం అంటుకోదు, బొట్టులా జారిపోతుంది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. బ్లేడుతో గీకితే పోగులే తెగుతాయి. ఐరన్ 360, 380 డిగ్రీలకి పెట్టి, మొనమీద టంకం పెద్ద బొట్టుగా కరిగించి, ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి రాసేది) రాసిన పోగుల్ని ఆ బొట్టులో కాసేపు ముంచి ఉంచు. సన్నగా పొగ వస్తుంది, పూత నల్లగా పక్కకి జరుగుతుంది, తర్వాత వెండిలా మెరుస్తుంది. ఆ పొగ పీల్చకు, కిటికీ తీసి పెట్టుకో. మధ్యలో దారంలాంటి పీచు ఉంటే కత్తిరించెయ్, లేకపోతే కాలి టంకంలో కలిసిపోతుంది.

ఇంకొకటి, ఎంఎంసీఎక్స్ సాకెట్‌కి టంకం వేసేటప్పుడు దాని జోడీ ప్లగ్గు అందులో దూర్చి ఉంచు. లోపలి తెల్ల ప్లాస్టిక్ వేడికి మెత్తబడినా మధ్య పిన్ను పక్కకి ఒరగదు.

ఇందిరానగర్_అక్క:
బాబాయ్ గారు చెప్పినదంతా నిజమే, కానీ తోక పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. సాకెట్, ప్లగ్గు రెండూ కలిపి చెవి కింద వేలాడతాయి, ఇయర్‌ఫోన్ చిన్నదైతే ఆ బరువుకి మాటిమాటికీ ఊడొస్తుంది. నేను అలాంటిదాన్ని ఏడాది వాడాను, వైరుని చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకుంటే తప్ప నిలవలేదు. దానికి నాలుగు సెంటీమీటర్లు సరిపోదు, చెవి చుట్టూ కొలుచుకుని తోక పొడవు తేల్చుకోండి.

కనెక్టర్ విషయానికొస్తే బస్సులో లాగుడు ఎక్కువ అంటున్నారు కాబట్టి ఎంఎంసీఎక్సే మేలు. అది గుండ్రంగా తిరుగుతుంది, మెలి పడదు. కాకపోతే తిరిగి తిరిగి లోపల అరిగితే గరగర మొదలవుతుంది. 0.78 మిల్లీమీటర్ల టూ పిన్ తిరగదు, కాంటాక్ట్ గట్టిగా ఉంటుంది, కానీ గట్టిగా లాగితే పిన్నులు వంగుతాయి. మన బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ఎంఎంసీఎక్స్ అనగానే యాంటెన్నా వైరుకి నొక్కి బిగించేవి ఇస్తారు, అసలు అది రేడియో పనులకి పుట్టిన కనెక్టరే. ఇయర్‌ఫోన్‌కి టంకం వేసుకునే రకం కావాలని గట్టిగా చెప్పండి. ప్లగ్గు వైపు మీరు చెయ్యక్కర్లేదు, రెడీమేడ్ వైరు దొరుకుతుంది, మైక్ ఉన్నది కూడా. మీరు కష్టపడాల్సింది రెండు సాకెట్ల దగ్గరే.

హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుకుని కప్పేసే గొట్టం) ముందే వైరుకి ఎక్కించండి. టంకం అయ్యాక గుర్తొస్తే మళ్ళీ అంతా ఊడదీయాలి.

మారతహళ్ళి_పీజీ:
ఈ వారం చేశాను. రెండు వైపులా పాట వస్తోంది, చాలా సంతోషంగా ఉంది, కానీ ఏదో తేడా. బేస్ పల్చబడింది, గొంతు మధ్యలో లేకుండా చెవుల చుట్టూ చెదిరినట్టు వినిపిస్తోంది. మల్టీమీటర్‌తో చూస్తే రెండు సాకెట్లూ 16 ఓమ్స్‌కి దగ్గరగానే చూపిస్తున్నాయి, షార్ట్ లేదు. డ్రైవర్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

టంకం_బాబాయ్:
ఏమీ పాడవలేదు. ఒక వైపు రెండు తీగలు తారుమారయ్యాయి. ఒక డ్రైవర్ పొర బయటికి తోసేటప్పుడు రెండోది లోపలికి లాగుతోంది, అందుకే బేస్ కొట్టుకుపోతోంది. పూత కాలాక రెండు తీగలూ ఒకేలా కనపడతాయి కాబట్టి ఇది అందరికీ జరిగేదే. రంగు తీగ, అంటే ఎరుపో ఆకుపచ్చో, మధ్య పిన్నుకి వెళ్ళాలి, రంగులేని రాగి తీగ బయటి చుట్టుకి. సాకెట్ అవతల పూత కాలని చోట, తోక పైతొడుగు కాస్త చీల్చి రంగు చూసుకో. సరిచేశాక ఘంటసాల గారి పాత పాట ఏదైనా పెట్టి విను, అవి దాదాపు అన్నీ మోనో రికార్డింగులే, అంటే రెండు చెవులకీ ఒకే సౌండ్ వస్తుంది, గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి.

మారతహళ్ళి_పీజీ:
బాబాయ్, ఎడమ వైపే తిరగబడింది. ఊడదీసి మార్చాను. ఘంటసాల గారు మధ్యలోకి వచ్చేశారు, తబలా కూడా వినిపిస్తోంది. అక్కా, తోక ఏడు సెంటీమీటర్లు పెట్టాను, చెవి మీదుగా తిప్పితే కదలట్లేదు. పాత వైరు ముక్క దాచాను, వచ్చేవారం దాని మీద టూ పిన్ ప్రాక్టీస్ చేస్తాను.