కీలు ‘టక్’మంటే పూస చోటుకు చేరినట్టేనా?

ప్రశ్న:
రెండు నెలలుగా నడుము నొప్పి. డాక్టరు పరీక్షించి భయపడాల్సిందేమీ లేదన్నారు, నడవమన్నారు, వ్యాయామాలు చేయమన్నారు. నొప్పితో వ్యాయామమేమిటని, తెలిసినవారి మాట విని చేత్తో వెన్ను సరిచేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. పక్కకు తిప్పి ఒక్కసారి నొక్కారు, టక్కుమంది. “పూస జరిగింది, చోటులో పెట్టాను” అన్నారు. లేచి నిలబడితే నిజంగానే హాయిగా ఉంది. మూడో రోజుకు కథ మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పటికి నాలుగుసార్లు ఇదే తంతు. చోటులో పెట్టిన పూస మూడు రోజులకోసారి ఎందుకు జారుతోంది? మర్దన, ఆక్యుపంక్చర్ కూడా ఇంతేనా?

జవాబు (ఫిజియోథెరపీ నా వృత్తి):
మీ పూస జారనూ లేదు, చోటుకు రానూ లేదు. పూస ముందుకు జరిగే జబ్బు ఒకటి ఉన్నమాట నిజమే. అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది, చేత్తో నొక్కితే వెనక్కి వెళ్లదు. ఆ శబ్దానికి కారణం వేరు. కీలు లోపల జిగురులాంటి ద్రవం ఉంటుంది. కీలు ఒక్కసారిగా విడివడితే అక్కడ పీడనం పడిపోయి వాయువుతో ఖాళీ ఏర్పడుతుంది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ ఇదే. వెంటనే మళ్లీ విరిస్తే మోగదు, సుమారు 20 నిమిషాలు ఆగాలి. ఎముక చోటు మారడానికీ దీనికీ సంబంధం లేదు.

మరి హాయి ఎక్కడిది? మోచేయి తలుపుకు తగలగానే అక్కడ గట్టిగా రుద్దుకుంటాం కదా, ఎవరూ నేర్పకుండానే. స్పర్శను మోసే నరాలు చురుకైతే, నొప్పి సంకేతానికి వెన్నుపాములోనే దారి ఇరుకవుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత మార్పులొచ్చినా మూల ఆలోచన నిలిచింది. దీనికి తోడు మెదడు కూడా పైనుంచి నొప్పిని అణచగలదు. బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది. మర్దన, కాపడం, చేత్తో కీళ్లు కదిలించడం అన్నీ ఎక్కువగా ఈ దారుల్లోనే పనిచేస్తాయి. ఇవి నొప్పిని తగ్గిస్తాయి గానీ కీలును మార్చవు. అందుకే మూడు రోజులు.

అన్నట్టు, మర్దనతో కండరంలోని లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుందంటారు. శ్రమ ఆపిన గంటా గంటన్నరలో అది దానంతటదే సర్దుకుంటుంది, ఎవరూ పిండనక్కర్లేదు.

మరో సభ్యుడు:
ఆక్యుపంక్చర్ సంగతి నేను చెబుతాను. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందితో జర్మనీలో చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలలకు అసలు ఆక్యుపంక్చర్‌తో 47.6 శాతం మందికి, ఆ వైద్యం చెప్పిన చోట్లు కాకుండా వేరేచోట పైపైన గుచ్చితే 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామాల మామూలు చికిత్సతో 27.4 శాతం మందికి మేలు కలిగింది. అంటే సూది ఎక్కడ గుచ్చారన్నది పెద్ద విషయం కాదు. నా దృష్టిలో ఇదంతా నమ్మకం మహిమ, డబ్బు దండగ.

జవాబు (ఫిజియోథెరపీ):
మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగం దగ్గర ఆగండి. పన్ను తీయించుకున్నవారిపై 1978లో ఒక పరీక్ష జరిగింది. ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి, నాలక్సోన్ ఇస్తే మళ్లీ పెరిగింది. నాలక్సోన్ నల్లమందు జాతి మందులకు విరుగుడు. అంటే నమ్మకంతో తగ్గిన నొప్పి వెనుక కూడా శరీరం సొంతంగా తయారుచేసుకున్న అలాంటి రసాయనమే ఉంది. అది ఊహ కాదు. కాకపోతే కీళ్లలో అరిగిన మృదులాస్థిని (మెత్తటి ఎముకను) అదేమీ తిరిగి పెంచదు.

ఇంకొకటి. మనం చికిత్సకు పరుగెత్తేది నొప్పి బాగా ముదిరిన రోజున. దాని తర్వాత కొంత తగ్గడం ఎలాగూ ఉంటుంది, ఆ పేరు మాత్రం చివరగా తాకిన చేతికి దక్కుతుంది.

అడిగినవారు:
అయితే మానేయాలా?

జవాబు (ఫిజియోథెరపీ):
మానమనను. ఆ మూడు రోజులు ఏం చేశారో చెప్పండి. హాయిగా ఉందని పడుకుని ఉంటారు. మీ డాక్టరు చెప్పిన నడక, వ్యాయామాలు నొప్పి వల్లే కదా చేయలేకపోయారు? నొప్పి తగ్గిన ఆ వేళే వాటికి అనువు. కొద్దికొద్దిగా పెంచండి. కాస్త నొప్పి పెడితే ఏదో విరిగినట్టు కాదు.

మెడను మాత్రం అలా ఊపుగా తిప్పించుకోకండి. అరుదే అయినా మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు గట్టి మర్దనకు, సూదులకు ముందు ఆ మాట చెప్పాలి. పేరు లేని కీళ్లనొప్పుల పొడులు అద్భుతంగా పనిచేస్తే నాకు అనుమానమే. అలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలున్నాయి. మూత్రం మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు బలహీనపడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా చికిత్సల జోలికి పోకుండా ముందు డాక్టరుకు చూపించాలి.

అడిగినవారు:
అవేవీ లేవు. మీరన్నట్టు పడుకునే ఉన్నాను, నాలుగుసార్లూ. రేపు ఐదోసారి వెళ్లాల్సి ఉంది. వెళ్తాను, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నడిచే వస్తాను. పూస గురించి ఆయనతో వాదించాలా?

జవాబు (ఫిజియోథెరపీ):
వద్దు. మెడ జోలికి రావద్దని మాత్రం ముందే చెప్పండి.