లోయ అంటే పడిపోయేదేనా?

మిత్రులారా, ఒక మాట దగ్గర చిక్కుకున్నాను. లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లొచ్చాక ఆ యాత్ర గురించి రాద్దామని కూర్చున్నా. మొదటి వాక్యం: "లేహ్ సింధు లోయలో ఉంది." అమ్మకి చదివి వినిపిస్తే, "లోయలో ఊరేమిట్రా, పైనుంచి రాళ్లు దొర్లవూ?" అంది. ఆవిడ తప్పు కాదు. మనకి పేపర్లో లోయ కనిపించేది బస్సు పడ్డప్పుడే కదా!

లేహ్ దగ్గర సింధు పక్కన నేల వెడల్పుగా, హాయిగా సైకిల్ తొక్కుకునేంత చదునుగా ఉంటుంది. ఎత్తేమో సుమారు 3,500 మీటర్లు. ఏడాదంతా కలిపి వాన 100 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. బెజవాడలో గట్టి తుఫాను పడితే ఒక్క రాత్రి పని అది. అటూ ఇటూ గడ్డిపోచ మొలవని కొండలు, నీరు అందిన చోట మాత్రం పచ్చగా బార్లీ మళ్లు. దీన్ని ఏమనాలి? "కోన" అందామా?

గుంటూరు మాస్టారు: కోన వద్దండీ. తలకోన చూశారుగా. చెట్టూ చేమా, నీడ, నీటి చప్పుడు ఉంటేనే కోన. మీ చోట నీడే లేదాయె. "కొండల నడుమ బయలు" అనండి, ఆ తర్వాత లోయ అన్నా ఎవరూ కంగారుపడరు. ఇంకోటి, "ఖార్దుంగ్ లా కనుమ" అని మాత్రం రాయకండి. లద్దాఖీలో 'లా' అంటేనే కనుమ. "పాంగాంగ్ త్సో సరస్సు" కూడా అంతే, 'త్సో' అంటేనే సరస్సు. మనవాళ్లు "హైవే రోడ్డు" అంటారే, అలా ఉంటుంది.

తెనాలి సభ్యురాలు: నీళ్ల సంగతి రాశారా? కాలవలున్నాయా అసలు?

నేను: అసలు కథ అదేనండీ. సింధు కిందెక్కడో పారుతుంది, చాలా ఊళ్ల పొలాలు పైన ఉంటాయి. వాళ్లకి ఆధారం కొండ మీద మంచు కరిగి దిగే వాగు, 'తొక్పో'. దాన్నుంచి తవ్వుకున్న కాలవ 'యూరా'. రాత్రి పారిన నీళ్లు పట్టి ఉంచే కుంట 'జింగ్'. ఎవరి వంతు ఎప్పుడో చూసే మనిషి 'చుర్పోన్'. నేను "జలవాహిని", "జలపాలకుడు" అని రాశాను.

తెనాలి సభ్యురాలు: జలపాలకుడా! వరుణదేవుడు దిగొచ్చినట్టుంది. కాలవ, పిల్ల కాలవ, బోదె, వంతు... డెల్టాలో పుట్టి ఇన్ని మాటలు పెట్టుకుని సంస్కృతం ఎందుకండీ? చుర్పోన్ అంటే మన లస్కరే. వంతు వచ్చిన రాత్రి మా నాన్న టార్చి పట్టుకుని బోదె గట్టున కూర్చునేవారు. కునుకు తీస్తే పై చేనాయన గండి కొట్టేస్తాడని టెన్షన్.

గుంటూరు మాస్టారు: లస్కరు సర్కారు జీతగాడమ్మా. చుర్పోన్‌ని ఊరు పెట్టుకుంటుంది. సీమ చెరువుల కింద నీరుగంటి, తెలంగాణలో నీరటికాడు ఉండేవారే, వాళ్లు దగ్గర.

నేను: నీరుగంటి బాగుంది మాస్టారూ. అక్కడ తూములూ షట్టర్లూ ఏమీ లేవు. ఒకావిడ బోదెకి అడ్డంగా పెట్టిన బల్లపరుపు రాయి తీసింది, సందులో కుక్కిన పాత గుడ్డ లాగింది. నీళ్లు పక్క మడిలోకి తిరిగాయి. ఆ రాయే తూము, ఆ గుడ్డే షట్టరు. ఏప్రిల్, మే నెలల్లో విత్తే వేళకి పైన హిమానీనదాలు ఇంకా సరిగా కరగవు, ఇబ్బందంతా అప్పుడే. అందుకే లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ చలికాలంలో పైపుతో నీళ్లు పైకి చిమ్మించి, శంకువులా గడ్డకట్టించి, విత్తే వేళకి కరిగి అందేలా చేసే పద్ధతి తెచ్చారు. 'ఐస్ స్తూప' అంటారు. మంచు స్తూపం అనొచ్చా?

గుంటూరు మాస్టారు: స్తూపానికి ఇబ్బంది లేదు, పక్కనే అమరావతి ఉంది. చిక్కు మంచుతోనే. మనకి సంక్రాంతి ముందు పొద్దున రోడ్డు కనపడకుండా చేసేదీ మంచే, ఆకు మీద తడీ మంచే. "మంచుగడ్డ స్తూపం" అనండి.

నేను: మార్చి రాసి అమ్మకి మళ్లీ చదివాను. ఈసారి రాళ్ల ఊసెత్తలేదు. "మరి ఎవరి మడి ముందు తడుస్తుందిరా?" అంది. అది నేను అక్కడ అడగనే లేదు.